కాలిపర్ గాడిలో రబ్బరు వలయం

తరగతిలో పాస్కల్ నియమం చెబుతుంటే ఓ కుర్రాడు లేచి అడిగాడు: "సార్, బ్రేకు నొక్కితే ఆయిల్ పిస్టన్‌ని ముందుకు తోస్తుంది, సరే. వదిలాక వెనక్కి లాగేదెవరు? లోపల స్ప్రింగు లేదు కదా!" ఏన్కూరులో రోడ్డు పక్క షెడ్ల ముందు బండ్లు విప్పుతుంటే చూస్తూ పెరిగిన పిల్లవాడు. డ్రమ్ము బ్రేకులో స్ప్రింగులు చూసే ఉంటాడు. డిస్క్ బ్రేకు గురించి ఇంతకంటే మంచి ప్రశ్న నేను వినలేదు.

పిస్టన్ చుట్టూ ఒక రబ్బరు సీలు ఉంటుంది. అడ్డంగా కోసి చూస్తే గుండ్రంగా కాదు, నలుచదరంగా ఉంటుంది. పిస్టన్ ఇమిడి ఉండే దిమ్మ, అంటే కాలిపర్, లోపల తొలిచిన గాడిలో అది కూర్చుని పిస్టన్‌ని గట్టిగా పట్టుకుంటుంది. బ్రేకు నొక్కితే పిస్టన్ కదులుతుంది. దాన్ని పట్టుకున్న రబ్బరు అంచు కూడా దానితోపాటు ముందుకు ఒరుగుతుంది. వేలు తీశామా, ఒరిగిన రబ్బరు మళ్ళీ నిటారుగా లేస్తూ పిస్టన్‌ని వెనక్కి లాక్కుపోతుంది. ఎంత దూరం? మిల్లీమీటరులో పదింట ఒక వంతో, రెండు వంతులో. పిస్టన్ నొక్కే ప్యాడు చక్రంతో తిరిగే డిస్కుని వదలడానికి అది చాలు.

అసలు తెలివి ఇంకా ఉంది. ప్యాడు అరిగేకొద్దీ పిస్టన్ మరికాస్త ముందుకు పోవాలి. రబ్బరు ఒరగగలిగినంత ఒరిగాక పట్టు జారుతుంది, పిస్టన్ దాన్ని దాటి కొత్త చోటికి చేరుతుంది. తిరిగి వచ్చేది మాత్రం ఎప్పటిలాగే ఆ కాస్తంతే. అందుకే డిస్క్ బ్రేకుని డ్రమ్ము బ్రేకులా నట్టు తిప్పి బిగించే పని లేదు. ప్యాడ్లు అరిగినప్పుడు లీకు లేకపోయినా డబ్బాలో ఆయిల్ తగ్గేది కూడా ఇందుకే. ఆయిల్ కారకుండా ఆపడం, పిస్టన్‌ని వెనక్కి తేవడం, అరుగుదలను సర్దడం: మూడు పనులూ ఒక్క రబ్బరు ముక్కవే!

డిస్క్ బ్రేకు కథ పాతదే. 1902లో ఇంగ్లండులో లాంచెస్టర్ అనే ఇంజినీరు దానికి పేటెంటు తీసుకున్నాడు. రాగి ప్యాడ్ల కీచు చెవులు చిల్లులు పడేలా ఉండేది. డిస్క్ బ్రేకుకి మంచిరోజు లె మాన్ కార్ల పందెంలో వచ్చింది. కారణం వేడి. 1,200 కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆగితే పుట్టే వేడి సుమారు 460 కిలోజౌళ్ళు. ఒకటిన్నర లీటరు నీళ్ళు మరిగించవచ్చు. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి, లోపలి నుంచి దాన్ని నొక్కే షూలకు దూరంగా జరుగుతుంది. డిస్కు ఉబ్బితే ప్యాడ్ల వైపే ఉబ్బుతుంది, పైగా గాలి నేరుగా తగులుతుంది. 1953లో ఆ పందెంలో డన్‌లప్ డిస్కులతో జాగ్వార్ గెలిచింది. 1955లో మెర్సిడెస్ డ్రమ్ముల్ని వదలకుండా, కారు వెనక గాలికి అడ్డంగా లేచే పెద్ద రేకు బిగించుకొచ్చింది. అంత గొప్ప ఇంజినీర్లు కాలిపర్‌ని ఎదుర్కోవడానికి గాలినే బ్రేకుగా వాడుకున్నారంటే నాకు ఆ పోటీ మీద మమకారం. కానీ ఆ ఏడాది పందెంలో జరిగిన ఘోర ప్రమాదంలో ఎనభై మందికి పైగా చనిపోయారు, మెర్సిడెస్ మధ్యలోనే తప్పుకుంది.

తర్వాత 1969లో హోండా సీబీ 750తో డిస్కు మామూలు బైకుల దాకా దిగింది. 2023లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున పరుగెత్తిన ఫార్ములా-ఈ విద్యుత్ రేసు కార్లలో వెనక చక్రాల వేగాన్ని తగ్గించే పని చాలావరకు మోటారుదే.

ఇప్పుడు స్పోర్ట్స్ కార్ల ఎర్ర, పసుపు కాలిపర్లు చూసి మన కుర్రాళ్ళు బైకులకీ రంగు వేయిస్తున్నారు. పోత ఇనుప కాలిపర్ అయితే తుప్పు ఆగుతుంది, మంచిదే. వేడి తట్టుకునే రంగు పలుచగా, పొరలు పొరలుగా వేయాలి. పౌడర్ కోటింగ్ అయితే భట్టీ వేడి 180 డిగ్రీల దాకా పోతుంది కాబట్టి ముందే సీళ్ళు తీసేయాలి. గాడిలో పొడి చేరితే సీలు ఒరగడానికి చోటు ఉండదు, బ్రేకు పట్టేస్తుంది. కడగడానికి పెట్రోలు, డీజిలు వద్దు. డాట్ 4 ఆయిల్‌కి సరిపడే రబ్బరు వాటిలో ఉబ్బిపోతుంది. ప్యాడ్లు జారే చోట, పిన్నుల మీద, ఎయిర్ తీసే నిపుల్ మీద రంగు పడకూడదు. బిగించి, ఎయిర్ తీశాక బండిని స్టాండు మీద పెట్టి, బ్రేకు గట్టిగా నొక్కి వదిలి చక్రం తిప్పి చూడండి. తేలిగ్గా తిరగకపోతే మళ్ళీ విప్పాల్సిందే, రంగు ఎంత బాగా కుదిరినా సరే.