పుస్తకమంత తెర

సంసారమున కొక వస్తువు కొనవలసి వచ్చినపుడు, అది మిక్సీ యైనను మంచమైనను, "ఇది ఎవరి కొఱకు?" అని యెవరును అడుగరు. ఇల్లాలు చదువుకొనుటకును వ్రాసికొనుటకును ఒక వస్తువు కావలెనన్నపుడు మాత్రము ఆ ప్రశ్న తప్పక వచ్చును. పెద్ద తెర గల ట్యాబును ఎట్లు ఎంచుకొనవలెనో సోదరీమణులకు తెలుపుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము. కాని ఆ ప్రశ్నను దాటనిదే యీ సంగతికి రాలేను గనుక, మా యింటి కథ కొంత చెప్పవలసియున్నది.

మా పుట్టినిల్లు కోనసీమలోని యొక లంక గ్రామము. నేను బడికి పోయినది తక్కువ. భారత భాగవతములు మా నాయనగారి యొద్దనే చదివితిని. వారు పుస్తకముల అంచులయందు సన్నని యక్షరములతో అర్థములును, అన్వయములును, అప్పుడప్పుడు తమ సందేహములును వ్రాసియుంచెడివారు. 2022 జూలైలో వచ్చిన గోదావరి వరదను మీరు మఱచియుండరు. భద్రాచలమున నీటిమట్టము 71 అడుగులు దాటినది. 1986 ఆగస్టు వరద తరువాత అక్కడ అంత నీరు చూడలేదు. ధవళేశ్వరము వద్ద 25 లక్షల క్యూసెక్కులకు మించిన ప్రవాహము వచ్చినది. మా పుట్టినింట బీరువా క్రింది రెండు అఱలు మునిగినవి. నీరు తీసిన తరువాత పుస్తకములను ఎండలో పెట్టితిమి గాని, పుటలు పుటలకు అంటుకొని అట్టలవలె బిగుసుకొనిపోయినవి. సిరాతో వ్రాసిన గుఱుతులు మచ్చలుగా మాఱినవి. నాయనగారు అప్పటికే లేరు.

ఆ గ్రంథములు లోకమున లేకపోలేదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వారు ఛాయాచిత్రములుగా తీయించిన వేలకొలది తెలుగు పుస్తకములు ఇంటర్నెట్ ఆర్కైవులో ఉచితముగ దొరకుచున్నవి. ఆంధ్రభారతి యను చోట బ్రౌను నిఘంటువును, 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరమును పదము వ్రాసి వెదకుకొనవచ్చును. వీనిని నేను ఫోనులో చదువుట ఆరంభించితిని. నెల తిరుగకుండనే తలనొప్పి పట్టుకొన్నది. కళ్ల వైద్యుడు చూచి, కంటిలో దోషమేమియు లేదనియు, అంత చిన్న యక్షరమును అంత దగ్గఱగా గంటలకొలది చూడరాదనియు చెప్పెను.

అప్పుడు నేను పెద్ద తెర గల ట్యాబు కావలెనంటిని. రాష్ట్ర ప్రభుత్వము 2022 డిసెంబరు 21వ తేదీ మొదలు ఎనిమిదవ తరగతి విద్యార్థులకును ఉపాధ్యాయులకును ట్యాబులు పంచిపెట్టియుండుటచే మావారి వద్ద నొకటి యున్నది. కాని దాని తెర తొమ్మిది అంగుళముల లోపు, పైగా అది బడి పనికి ఇచ్చినది. మా పెద్దవాడు "కొంటే నాకూ ఇవ్వాలి" అనెను. అత్తగారు, "పుస్తకం చదవడానికి ఇరవై వేలా అమ్మాయీ?" అనిరి. నేను పెరటి కొబ్బరికాయల సొమ్ములో దాచిన మొత్తమును ముందుంచి, ఒక వారము గడువు అడిగితిని. ఆ వారములో నేను నేర్చినది మీకు చెప్పుచున్నాను.

మొదట తెర కొలత. 11 అంగుళముల ట్యాబు అన్నపుడు అది వెడల్పు కాదు, పొడవును కాదు. ఒక మూలనుండి ఎదుటి మూలకు గల కర్ణము. కావున ఒకే కొలత గల రెండు తెరలు ఒకే వైశాల్యము గలవి కానక్కఱలేదు. పొడవు వెడల్పులు 16కు 10 పాలుగా నున్న 11 అంగుళముల తెర సుమారు 9.3 అంగుళముల పొడవు, 5.8 అంగుళముల వెడల్పు గలిగి, 54 చదరపు అంగుళము లుండును. 4కు 3 పాలుగా నున్నది 8.8 పొడవు, 6.6 వెడల్పు గలిగి, 58 చదరపు అంగుళము లుండును. మొదటిది చలనచిత్రములకు అనుకూలము. రెండవది పుస్తకపు పుటకు అనుకూలము. దుకాణమున పెట్టెమీది అంకెనే చూచి కొనువారికి ఈ భేదము తెలియదు.

ఇక మనము చదువునది ఎంతటిదో కొలుచుకొనవలెను. పాత తెలుగు పుస్తకములలో క్రౌను ఎనిమిదవ వంతు పుట సుమారు 5 అంగుళములు వెడల్పు, 7.5 పొడవు, దాని కర్ణము 9 అంగుళములు. డెమ్మీ ఎనిమిదవ వంతు పుట 5.5 వెడల్పు, 8.5 పొడవు, కర్ణము 10. పెద్ద మాసపత్రిక పుట 7.5 వెడల్పు, 10 పొడవున్నచో కర్ణము పన్నెండున్నర. బడి ప్రశ్నపత్రములకు వాడు ఏ4 కాగితము కర్ణము 14కు పైమాట. దీనినిబట్టి, పాత కావ్యములను అచ్చులో నున్నంత ప్రమాణముననే చదువగోరువారికి 10, 11 అంగుళములు చాలును; పత్రికలు చదువువారికి 12, 13 కావలెను. ఆఱున్నర అంగుళముల ఫోను తెర వెడల్పు మూడంగుళములైనను లేదు. డెమ్మీ పుట అందులో నిలువున అడ్డమున సగమునకు కుంగి, వైశాల్యమున నాలుగవ వంతు కంటె తక్కువగును. నా తలనొప్పికి కారణ మిదియే.

ఈ లెక్కలు వలదనువారు ఒక పని చేయుడు. పాత అట్టపెట్టెను తీసికొని, మీరు విచారించు ట్యాబుల తెరలంత కొలతకు ముక్కలు కత్తిరించి, మీరు నిత్యము చదువు పుస్తకముమీద పెట్టి చూడుడు. ఏది పుటను కప్పునో అదియే మీకు తగినది. నేను మూడు ముక్కలు కత్తిరించితిని. వానిని చూచిన తరువాత అత్తగారికి కూడ నా మాట అర్థమైనది.

తెర పెద్దదైనంత మాత్రమున అక్షరము స్పష్టమగునని తలంపరాదు. తెర సన్నని చుక్కలతో నిర్మింపబడినది. 10 అంగుళముల తెరలో నిలువు 800, అడ్డము 1280 చుక్కలున్నచో అంగుళమునకు 150 మాత్రమే వచ్చును. 1200, 1920 ఉన్నచో అంగుళమునకు సుమారు 226 వచ్చును. ఇంగ్లీషు అక్షరములకు మొదటిది ఎట్లో సరిపెట్టుకొనవచ్చును. మన యక్షరమునకు పైన తలకట్టు, గుడి, ఏత్వము, క్రింద వత్తులు, ఒక్కొక్కచోట వత్తుక్రింద వత్తు. పాత అచ్చులో మొదలే మసకబాఱిన 'ష్ట్ర' వంటి సంయుక్తాక్షరము చుక్కలు చాలని తెరమీద ఉండవలె కదిపోవును. కావున దుకాణమునకు పోవునపుడు ఫోనులో నొక పాత పుస్తకపు పుటను పెట్టుకొనిపోయి, కొనబోవు ట్యాబులో దానిని తెఱపించి చూచుట మేలు. అక్కడ ప్రదర్శించు పూలతోటల బొమ్మలు ఏ తెరమీదనైనను అందముగనే యుండును.

మూడవది బరువు. 8, 9 అంగుళములవి సుమారు 350 గ్రాములు; 11 అంగుళములవి అర్ధకిలో పరిసరము; 13, 14 అంగుళములవి 600 నుండి 700 గ్రాములకు పైన. అర్ధకిలో పంచదార పొట్లమును ఒక చేత పట్టుకొని పావుగంట కూర్చుండి చూచినచో సంగతి తెలియును. పడుకొని చదువువారికి పెద్ద తెర పనికిరాదు. పీటమీదనో బల్లమీదనో వ్యాసపీఠమువలె నానించి చదువువారికి బరువు లెక్కలేదు.

నాలుగవది, మనము చేయదలచిన పని. నేను చదువుటయే గాక, తెలుగు వికీసోర్సులో పాత పుస్తకముల పుటలు దిద్దుచుందును. రచయిత మరణించి అఱువది యేండ్లు గడచిన గ్రంథములకు మన దేశమున ప్రచురణ హక్కులు తీఱిపోవును. అట్టివానిని అక్కడ పుట పుటగా అక్షరరూపమునకు తెచ్చుచున్నారు. తెరమీద ఒక ప్రక్క అచ్చుపుట చిత్రము, మఱియొక ప్రక్క దిద్దవలసిన పాఠము. ఒకరు దిద్దిన పుటకు పసుపు రంగు, వేఱొకరు సరిచూచిన తరువాత ఆకుపచ్చ రంగు వచ్చును. ఈ పనికి తెరను అడ్డముగ పెట్టి రెండుగా పంచుకొనవలెను. 11 అంగుళముల తెరలో ఒక్కొక్క భాగమునకు నాలుగున్నర అంగుళముల పైచిలుకు వెడల్పు వచ్చును. 13 అంగుళములలో అయిదు దాటును. అంతకంటె ముఖ్యమైనది వేఱొకటి గలదు. తెరమీది కీబోర్డు లేచినపుడు దాదాపు సగము తెర దాని పాలగును. విడిగా నొక చిన్న కీబోర్డు కొన్నచో, పెద్ద ట్యాబు కొనకయే తెర పెద్దదైనట్లగును. నా యెంపికను తేల్చినది ఈ యొక్క విషయమే.

2010లో యాపిల్ వారి మొదటి ఐప్యాడు 9.7 అంగుళముల తెరతో వచ్చినది. మన ప్రభుత్వము విద్యార్థులకని 2011 అక్టోబరులో ప్రకటించిన ఆకాశ్ తెర 7 అంగుళములు. 2015లో 12.9 అంగుళముల ఐప్యాడు, 2022లో శామ్‌సంగ్ వారి 14.6 అంగుళముల ట్యాబు వెలువడినవి. పెద్దవానిలో పేరుపొందినవి మా బోటి యిండ్ల సొమ్మునకు మించినవి. చిత్రములు గీయువారికిని, సంగీతపు స్వరపత్రములు చూచువారికిని అవి యవసరము. నాకు కావు.

మిగిలిన విషయములు క్లుప్తముగ చెప్పెదను. ఛాయాచిత్రముల పుస్తకము ఒక్కొక్కటి సుమారు ముప్పది మెగాబైట్లనుకొన్నచో, వేయి పుస్తకములకు ముప్పది గిగాబైట్లు చాలును. కావున 128 గిగాబైట్ల స్థలము పుష్కలము. పని జ్ఞాపకశక్తి మాత్రము 6 గిగాబైట్లైన నుండుట మంచిది. లేనిచో పుట తిప్పిన ప్రతిసారియు ఆగి చూడవలసివచ్చును. ఇంట వైఫై ఉన్నచో సిమ్ము వేయు రకము అక్కఱలేదు. ఫోనునుండి సంధానము పొందవచ్చును. భద్రతా మార్పులు ఎన్ని సంవత్సరములు పంపెదరో, మరమ్మతు మీ పట్టణముననే యగునో కాదో ముందుగ విచారించుడు. మన డెల్టాలో ఆషాఢమునుండి కార్తికము దాక గాలి తడిగ నుండును. ఛార్జరు పెట్టు రంధ్రమున చెమ్మ యున్నపుడు తీగె తగిలింపరాదు. ఛార్జి యగుచున్న ట్యాబును పఱుపుమీదను, దిండుక్రిందను ఉంచరాదు. బ్యాటరీని ఎల్లప్పుడు నిండుగ నుంచుట కంటె ఇరువది ఎనుబది పాళ్ల మధ్య నుంచినచో అది ఎక్కువకాలము మన్నును.

కన్నుల విషయము. తెర పెద్దదైనను కంటికి విశ్రాంతి యవసరమే. ఇరువది నిమిషముల కొకసారి తలయెత్తి, ఇరువది అడుగుల దూరమున నున్న వస్తువును ఇరువది క్షణములు చూడవలెనని కంటి వైద్యులు చెప్పుదురు. మాకు దానికి పెరటి కొబ్బరిచెట్లు చాలును. నలువది దాటిన తరువాత వచ్చు చత్వారమునకు పెద్ద తెర మందు కాదు, కళ్లజోడు వేసికొనవలసినదే.

కడపట మేము 11 అంగుళముల ట్యాబును, విడి కీబోర్డును కొంటిమి. అనుకొన్న యిరువది వేలకు కొంచెము మించినది, ఆ మిగులును మావారు వేసిరి. ఇంట నొక యేర్పాటు చేసికొంటిమి. మధ్యాహ్నము రెండు గంటలనుండి నాలుగు గంటల దాక అది నాది. సాయంకాలము పెద్దవాని లెక్కలకు. రాత్రి భోజనమైన తరువాత అత్తగారికి. వారికి ఛాయాచిత్రపు పుటలు గాక, అక్షరరూపమున నున్న భాగవతమును తెఱచి యిచ్చితిని. అందులో అక్షరము ఎంత పెద్దదిగ చేసినను పంక్తులు తమంతట సర్దుకొనును, ప్రక్కకు జరుపుకొనవలసిన పని యుండదు. కొన్నేండ్లుగా ఒకరు చదివిపెట్టగా వినుచున్న అత్తగారు ఇప్పుడు తామే చదువుకొనుచున్నారు. "నా టైము అయింది, ఇటివ్వండి" అని మనుమనితో తగవు పడుటయు గలదు. ఇరువది వేల మాట మరల రాలేదు.

పుస్తకములు దొరకినవి గాని, నాయనగారు అంచుల వ్రాసిన గుఱుతులు దొరకవు. అవి ఏ గ్రంథాలయముననులేవు. కావున ఆ రెండు గంటలలో పుటలు దిద్దుట ముగిసిన తరువాత, వారు చెప్పగా నాకు జ్ఞాపకమున్న అర్థములను ఆయా పద్యముల సంఖ్యలతో వేఱుగ వ్రాసి పెట్టుచున్నాను. ఇప్పటికి నూట నలువది యైనవి. ఇంకను ఎన్ని జ్ఞప్తికి వచ్చునో తెలియదు. సోదరీమణులారా, మీ యిండ్లలో పెద్దల చేతివ్రాతతో నున్న పుస్తకములున్నచో, ట్యాబు కొన్నను కొనకున్నను, ఈ వర్షములు రాకముందే ఫోనుతోనైన వాని పుటలను చిత్రములు తీసి రెండుచోట్ల దాచుకొనుడు. ఒక్క మధ్యాహ్నపు పని.