మీకు తెలుసా? హార్డ్‌డిస్కు చప్పుడు చెప్పే సంగతి

పాత ల్యాప్‌టాప్ హార్డ్‌డిస్కులో పళ్లెం సాధారణంగా నిమిషానికి 5400 సార్లు, అంటే సెకనుకు 90 సార్లు తిరుగుతుంది. దాన్ని చదివే హెడ్ పళ్లేన్ని తాకదు, కొన్ని నానోమీటర్ల ఎత్తున సన్నటి గాలిపొర మీద తేలుతుంది. సన్నగా గుయ్‌మనడం, ఫైళ్లు కాపీ చేసేటప్పుడు చిటపటలాడటం మామూలే. టక్, టక్ అని ఒకే వరసలో కొట్టుకుంటుంటే మాత్రం హెడ్‌కు దారి దొరకడం లేదని అనుమానించాలి. ముందు ఫోటోలు, కాగితాలు వేరేచోటికి కాపీ చేసుకోండి. రిపేరు అంగడి సంగతి తర్వాత.

చెన్నూరు, ప్రొద్దుటూరు వైపు మే నెల ఎండల్లో ఇంకో తిరకాసుంది. మోత డిస్కుది కాక, దుమ్ము పట్టిన ఫ్యాన్‌ది కావచ్చు. వేడిని బట్టి హెచ్చుతగ్గులవుతుంటే అది ఫ్యానే. డిస్కును ఫ్రీజర్‌లో పెడితే బాగవుతుందనే చిట్కా జోలికి పోకండి, లోపల తేమ చేరి ఉన్నదీ పోతుంది.

డిస్కు చప్పుడు చేయడమే కాదు, దానికి బయటి చప్పుడూ పడదు! జానెట్ జాక్సన్ 1989 నాటి పాట ‘రిథమ్ నేషన్’ మోగితే కొన్ని ల్యాప్‌టాప్‌లు ఆగిపోయేవని, పక్కనున్న ల్యాప్‌టాప్ కూడా మొరాయించిందని మైక్రోసాఫ్ట్ ఇంజనీరు రేమండ్ చెన్ 2022లో రాశారు. పాటలోని ఒక స్వరం 5400 వేగపు డిస్కు సహజ కంపనంతో కలిసిపోయిందట. తయారీదారు ఆ స్వరాన్ని వడకట్టే ఫిల్టర్ పెట్టి గండం గట్టెక్కాడు. తిరిగే భాగాలే లేని ఎస్‌ఎస్‌డీకి ఈ బెడద లేదు.