కాల్సిఫిలాక్సిస్

డయాలసిస్ మీద ఉన్నవారికి అరుదుగా వచ్చే జబ్బు ఇది. చర్మంలో, దాని కింది కొవ్వులో ఉండే సన్నని రక్తనాళాల గోడల్లో కాల్షియం పేరుకుంటుంది. రక్తం గడ్డకట్టి నాళాలు మూసుకుపోతాయి. తొడ మీదో పొట్ట మీదో మొదట వల అల్లినట్టు ఊదారంగు మచ్చ, తాకితే లోపల గట్టిగా గడ్డ, ఆ తర్వాత నల్లటి పెచ్చు కట్టిన పుండు. దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి. రోగుల్లో సుమారు సగం మంది ఏడాది తిరక్కుండానే చనిపోతారు, ఎక్కువగా పుండు నుంచి ఒళ్లంతా పాకే సెప్సిస్ వల్ల.

మరి కత్తి పెట్టాలా, వద్దా? కుళ్లిన కండను తీసేసే డిబ్రైడ్‌మెంట్‌తో ఇన్‌ఫెక్షన్ ముప్పు తగ్గుతుంది. కానీ రక్తం అందని చోట చేసిన గాయం మానకపోవచ్చు. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 2007లో 64 మంది రోగుల వివరాలు ప్రచురించారు. డిబ్రైడ్‌మెంట్ జరిగినవారిలో ఏడాది తర్వాత బతికున్నవారు దాదాపు 62 శాతం, జరగనివారిలో 27 శాతం. ఈ తేడా అంతా సర్జరీ చలవే అనలేం, ఆపరేషన్‌ను తట్టుకోగలవారికే అది చేసి ఉండొచ్చు. ఇంకో సర్జరీ, అంటే కాల్షియాన్ని అదుపు చేసే పారాథైరాయిడ్ గ్రంథుల తొలగింపు మాత్రం ఆ గ్రంథుల హార్మోన్ బాగా పెరిగి, మందులకు లొంగనివారికే.

డయాలసిస్ రోగికి ఇలాంటి మచ్చ కనిపిస్తే వెంటనే నెఫ్రాలజిస్టుకు చూపించాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడుతుంటే ఆ సంగతి తప్పక చెప్పాలి.