రెడ్ లేక్ గని తెరచిన దారి

వ్యాపారమునకు రహస్యమే ప్రాణమనియు, తన లెక్కలను పటములను పరుల కంట పడనీయనివాడే చతురుడైన వర్తకుడనియు నమ్ముచు వచ్చిన లోకమునకు, 2000వ సంవత్సరమున కెనడాదేశములోని రెడ్ లేక్ బంగారుగని గొప్ప ఆశ్చర్యమును కలిగించినది. ఖర్చులు పెరిగి, కొత్త నిక్షేపములు ఏ తావున నున్నవో తన శాస్త్రజ్ఞులు నిశ్చయింపజాలకయుండగా, ఆ గని యజమానియగు గోల్డ్‌కార్ప్ సంస్థ అధినేత రాబ్ మెక్యూవెన్, దేశదేశముల ప్రోగ్రామర్లు కలిసి లైనక్స్ అను కంప్యూటర్ వ్యవస్థను పెంపొందించిన విధమును ఒక ప్రసంగమున విని, ఆ మార్గమునే తన గనికి అన్వయింప సంకల్పించెను. 1948 నుండి కూడబెట్టిన భూగర్భ సమాచారమునంతయు ఇంటర్నెట్‌లో నుంచి, బంగారమున్న చోట్లను సూచించువారికి 5,75,000 డాలర్ల బహుమానములను ప్రకటించెను. ఏబది దేశములనుండి వేయిమందికి పైగా పూనుకొనిరి. వారిలో భూగర్భశాస్త్రజ్ఞులేకాక గణితవేత్తలును, విద్యార్థులును, సైనికాధికారులును ఉండిరి. వారు చూపిన 110 స్థలములలో సగము సంస్థవారి ఊహకైనను అందనివి. ఆ కొత్త చోట్లలో నూటికి ఎనుబదింట పుష్కలముగా బంగారము లభించినది. ప్రథమ బహుమతి నందుకొన్న ఆస్ట్రేలియావారు ఆ గనిని కన్నులారా చూచినవారైనను కారు!

ఒక విద్యలో చిరకాలము పరిశ్రమించినవాని చూపు ఆ విద్య నేర్పిన దారినే పోవుట సహజము. అన్యశాస్త్రమెరిగిన పరుడు ఆ దారికి వెలుపల నున్నదానిని కనుగొనగలడు. ఔషధ సంస్థయగు ఎలై లిల్లీ 2001లో ఇన్నోసెంటివ్ అను సంస్థను నెలకొల్పి, పరిష్కారము కాని ప్రశ్నలను బయటి శాస్త్రజ్ఞుల ముందుంచినదియు ఇందులకే. 2006లో జెఫ్ హౌ అను పాత్రికేయుడు ఈ పద్ధతికి క్రౌడ్‌సోర్సింగ్ అని పేరిడునాటికి దీని బలము వర్తకులకు బాగుగనే తెలిసియుండెను. అయితే శ్రమ వేయిమందిది, ప్రతిఫలము కొలదిమందిది యగుట కూడ ఆ బలములో భాగమేయని మనము మరువరాదు.

ఈ అసమానత మరింత స్పష్టముగ కనబడునది 2005లో అమెజాన్ ప్రారంభించిన మెకానికల్ టర్క్‌లో. పెద్దపనిని చిన్నచిన్న తునుకలుగా విడగొట్టి, కొలది సెంట్ల కూలికి ఊరుపేరు తెలియని జనులకు పంచిపెట్టుట అచటి విధానము. నేటి కృత్రిమ మేధకు పునాదులలో నొకటైన ఇమేజ్‌నెట్ చిత్రకోశము, 167 దేశములకు చెందిన సుమారు 49 వేలమంది ఇట్లు తెరమీద చిత్రములను పరికించి, అందున్నది కుక్కయో పడవయో గుర్తించుటచేత సిద్ధమైనది. ఇట్టి పనివారిలో భారతీయులు అనేకులు. పని చేయించుకొన్నవాడు అది తృప్తికరముగా లేదని త్రోసిపుచ్చినచో కూలి చెల్లింపనక్కరలేదు; త్రోసిపుచ్చిన పనియు వాని చేతనే యుండును. అమెరికా సంస్థలలో ఇట్టి పనులను పురమాయించు స్థానములందున్న మనవారు, తిరస్కారమునకు కారణమును చూపుటయు, ఉంచుకొన్న పనికి కూలి నిచ్చుటయు తమ విభాగములలోనైనను నియమముగా చేయవలెనని నా ప్రార్థన.