సమాధానపరచువారి మధ్య ఒక వేసవి

ఉపోద్ఘాతము

వేసవి సెలవులలో వేదాంత విద్యార్థులు పరిచర్య నిమిత్తము సంఘాలకు వెళ్ళడం పరిపాటి. ఆ వేసవిని విదేశములో, సమాధాన నిర్మాణ శిక్షణకు సహాయకుడుగా గడిపే విద్యార్థి ఏమి నేర్చుకొనగలడు? ఫిలిప్పీన్స్‌లోని మిందనావో ద్వీపమును ఉదాహరణగా తీసుకొని ఈ ప్రశ్నను పరిశీలిద్దాము.

1. నేపథ్యము

మిందనావోలో మోరోలనబడే ముస్లిములు, లుమాద్‌లనబడే ఆదివాసులు, ఇతర దీవుల నుండి వలస వచ్చిన క్రైస్తవులు ఉన్నారు. 20వ శతాబ్దములో ప్రభుత్వము ప్రోత్సహించిన వలసల వలన మోరోలు, లుమాద్‌లు స్వంత గడ్డపైనే అల్పసంఖ్యాకులయ్యారు. కాబట్టి మతకలహముగా కనిపించే దాని వేరు చాలా వరకు భూమిలో ఉన్నది. దశాబ్దాల సాయుధ పోరాటము తరువాత 2014 మార్చి 27న మోరో ఇస్లామిక్ లిబరేషన్ ఫ్రంట్‌తో సమగ్ర ఒప్పందము కుదిరింది. 2019లో బంగ్సమోరో స్వయంపాలిత ప్రాంతము ఏర్పడింది. ఈ నేలపైనే, దవావో నగరము కేంద్రముగా, 2000లో మిందనావో పీస్‌బిల్డింగ్ ఇన్‌స్టిట్యూట్ ఆరంభమై అనేక దేశాల, మతాల వారికి శిక్షణనిస్తూ వచ్చింది.

2. సహాయకుని పని

ఇటువంటి శిక్షణలో సహాయకుడు బోధించడు. కుర్చీలను వలయాకారముగా వేస్తాడు. నమాజు వేళలను, భోజన నియమాలను గుర్తుంచుకుంటాడు. పాల్గొన్నవారు చెప్పినది గోడమీది కాగితముపై వారి మాటలలోనే వ్రాస్తాడు. ప్రసంగించుటకు శిక్షణ పొందిన మనకు, దిద్దకుండా వ్రాయడమే కష్టమైన పాఠము.

3. నాలుగు స్వరాలు

1980లలో నికరాగువాలో సండినిస్టా ప్రభుత్వానికి, తూర్పుతీర ఆదివాసీ పోరాటయోధులకు మధ్య జరిగిన రాజీ ప్రయత్నాలలో మెనోనైట్ పండితుడు జాన్ పాల్ లెడరాక్ పాల్గొన్నాడు. అక్కడి కూటములలో చదివిన 85వ కీర్తన నుండి ఆయన ఒక అభ్యాసమును రూపొందించాడు. నలుగురు వ్యక్తులు సత్యము, కృప, నీతి, సమాధానము అనే పాత్రలు ధరించి మాట్లాడుతారు. కృప త్వరగా క్షమించమంటుంది. పోయిన భూమి ఎవరు తిరిగి ఇస్తారని నీతి అడుగుతుంది. జరిగినది ముందు ఒప్పుకొమ్మని సత్యము పట్టుబడుతుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కదానిని బయటికి పంపినా సమాధానము నిలువదు.

తెలుగులో సమాధానమంటే శాంతి మాత్రమే కాదు, జవాబు కూడా. అన్యాయము పొందినవాని ప్రశ్నకు జవాబు లేని శాంతిని సమాధానమనగలమా?

ముగింపు

ఈ ప్రశ్నతో విద్యార్థి ఇంటికి తిరిగి వస్తాడు. 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితులు హత్యకు గురయ్యారు. 2007లో ప్రత్యేక న్యాయస్థానము నిందితులలో అనేకులకు శిక్షలు విధించింది. 2014లో హైకోర్టు వారిని నిర్దోషులుగా విడిచిపెట్టింది. అటువంటి ఊరిలో బాధితుల గడపలో నిలిచి, క్షమించండి అని మొదటి మాటగా పలికే కాపరి కృపను ప్రకటించుచున్నాననుకుంటాడు గాని, సత్యమును, నీతిని గుమ్మము బయటే నిలబెట్టుచున్నాడు. మొదట కుర్చీ వేసుకొని కూర్చుండి, వారి మాటలను దిద్దకుండా వినడమే అతని మొదటి పరిచర్య అని మేము తలంచుచున్నాము.