ఉప్పు కరిగితే నీటిలో కరెంటు

మలినాలేవీ లేని నీరు విద్యుత్తును దాదాపు పారనివ్వదు. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని వాహకత సెంటీమీటరుకు 0.055 మైక్రోసీమెన్స్ మాత్రమే. సముద్రపు నీటిలో అది సుమారు 50,000, అంటే దాదాపు పది లక్షల రెట్లు. కిలో సముద్రపు నీటిలో ఉండే 35 గ్రాముల లవణాలదే ఈ మహిమంతా.

ఉప్పు గడ్డలో సోడియం, క్లోరైడ్ అయాన్లు ధన, రుణ ఆవేశాల బలంతో ఒకదాన్నొకటి పట్టుకుని కదలకుండా ఉంటాయి. అందుకే పొడి ఉప్పులో కరెంటు పారదు. నీటిలో పడగానే నీటి అణువులు వాటిని విడదీసి చుట్టూ మూగుతాయి. అప్పుడు రెండు లోహపు కడ్డీలు ముంచి బ్యాటరీకి కలిపితే సోడియం అయాన్లు రుణధ్రువం వైపు, క్లోరైడ్ అయాన్లు ధనధ్రువం వైపు సాగుతాయి. తీగలో ఎలక్ట్రాన్లు మోసే కరెంటును ద్రవంలో మోసేవి ఇవే. పంచదార ఎంత కలిపినా ఈ పని జరగదు. అది అయాన్లుగా విడిపోదు. ఈ అయాన్ల సిద్ధాంతానికి బీజం వేసిన స్వాంటె అరీనియస్ 1884 నాటి డాక్టరేట్ వ్యాసానికి స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయం తక్కువ శ్రేణి ఇచ్చింది. 1903లో నోబెల్ బహుమతి మాత్రం ఆ సిద్ధాంతానికే వచ్చింది.

ఉప్పు రెట్టింపు చేస్తే వాహకతా కచ్చితంగా రెట్టింపు కాదు. గాఢత పెరిగేకొద్దీ, తిరునాళ్ల జనంలో నడకలా, అయాన్ల కదలిక మందగిస్తుంది. వేడి పెరిగితే నీటి చిక్కదనం తగ్గి, డిగ్రీకి సుమారు 2 శాతం చొప్పున వాహకత పెరుగుతుంది.

ఇళ్లలో వాడే టీడీఎస్ మీటరు లవణాలను తూచదు. వాహకతను కొలిచి, దాన్ని 0.5 నుంచి 0.7 మధ్య ఒక గుణకంతో హెచ్చవేసి, లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని అంచనా చూపుతుంది. అవి ఏ అయాన్లో దానికి తెలియదు. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే చాలు, హానే. నల్గొండ జిల్లా ఆ బాధ తరాలపాటు పడింది. మొత్తం 400 ఉన్న నీటిలో ఫ్లోరైడ్ 3 ఉన్నా మీటరుకు పట్టదు. బ్యాక్టీరియా జాడ అసలే తెలియదు. అంకె తక్కువగా ఉందని నీళ్లు మంచివనుకోవడం తొందరపాటే.

కరెంటు పారే నీరు రేడియో తరంగాల శక్తిని మింగేస్తుంది. సముద్రంలో సెల్‌ఫోన్ తరంగాలు కొన్ని సెంటీమీటర్లలోనే నశిస్తాయి. 20 కిలోహెర్ట్జ్ తరంగం బలం కూడా రెండు మీటర్లలోపే మూడో వంతుకు చేరువగా పడిపోతుంది. అయినా కొంత లోతుకు చేరగలిగేవి ఇలాంటి అతి తక్కువ పౌనఃపున్య తరంగాలే. జలాంతర్గాములకు సందేశాలు పంపేందుకు వికారాబాద్ జిల్లా దామగుండంలో 2024లో శంకుస్థాపన జరిగిన నౌకాదళ కేంద్రం ఈ తరంగాల కోసమే.