జిల్లా మారితే డేటాబేస్ కదలాలా?

2016 అక్టోబర్ 11న మహబూబ్‌నగర్ జిల్లా నుంచి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ విడిపోయాయి. పెబ్బేరు రైతు పొలం, అచ్చంపేట రైతు పొలం ఉన్నచోటే ఉన్నాయి. కాగితం మీద జిల్లా పేరు మారింది. ఆ పేరును ప్రతి వరుసలోనూ రాసిపెట్టుకున్న భూరికార్డుల డేటాబేస్ అయితే లక్షల వరుసలు తిరగరాయాలి. జిల్లాకో ముక్కగా డిస్కు మీద విడగొట్టి ఉంటే తిప్పలు ఇంకా ఎక్కువ: వరుసలను పాత ముక్కలోంచి తీసి కొత్త ముక్కలో పెట్టాలి, ఇండెక్సులు మళ్లీ కట్టాలి. పని ముగిసేదాకా పాత ప్రతి, కొత్త ప్రతి రెండూ ఉండాలి కాబట్టి అంత జాగా ముందే ఖాళీగా ఉంచుకోవాలి.

ఆ జాగా లెక్కకు మొదలు బైటు. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ విడివిడిగా మూడేసి బైట్లు. ‘గద్వాల’కు 18, ‘వనపర్తి’కి 21. నాగర్‌కర్నూల్‌తోనే చిక్కు. ‘ర్’, ‘క’ అతుక్కోకుండా ఆపే కనబడని గుర్తు వాడితే 39, వాడకపోతే 36. ఒక ఆపరేటర్ అలా, ఇంకొకరు ఇలా టైపు చేస్తే యంత్రం లెక్కలో అవి రెండు జిల్లాలు!

కోటి వరుసలకు 39 బైట్ల చొప్పున 390 మెగాబైట్లు. అదేం పెద్ద బరువు కాదు, ఫోన్‌లోనే పడుతుంది. డిస్కును మింగేవి స్కాన్ చేసిన కాగితాలు. పేజీకి 200 కిలోబైట్లనుకున్నా కోటి పేజీలకు 2 టెరాబైట్లు. నకలు ఒకటి, బ్యాకప్ ఒకటి కలిపితే 6. వాటిని చవక నిల్వలో విడిగా పెట్టి, పట్టికలో చిరునామా మాత్రం రాసుకోవడం మేలు.

ఇక అమరిక. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ డిస్కును 8 కిలోబైట్ల పేజీలుగా చదువుతుంది. వరుస 400 బైట్లుంటే పేజీకి దాదాపు ఇరవై పడతాయి. ఒక ఊరి సర్వే నంబర్లు పక్కపక్కనే ఉంటే పహాణీ అనే భూమి వివరాల కాగితం కోసం తెరవాల్సిన పేజీలు కొన్నే. చెదిరిపోతే వరుసకో పేజీ తెరవాల్సి రావచ్చు. అందుకే రెవెన్యూ గ్రామం, దాని కింద సర్వే నంబర్ ప్రకారం పేర్చడమే నాకు సబబనిపిస్తుంది. జిల్లాలు మారినంత తేలిగ్గా గ్రామాల హద్దులు మారవు. భూమి వరుసలో గ్రామం కోడ్ ఒక్కటి చాలు. ఆ గ్రామం ఏ మండలంలోదో, ఆ మండలం ఏ జిల్లాదో చిన్న పట్టికలు చెబుతాయి.

ఎన్ని సర్వర్లు కావాలన్న లెక్క వేరు. రైతుబంధు పెట్టుబడి సాయం పడిన రోజుల్లో అందరూ ఒకేసారి తమ రికార్డులు చూసేవారు. అలాంటి రద్దీయే కొలత.

2019 ఫిబ్రవరి 17న నారాయణపేట కూడా మహబూబ్‌నగర్ నుంచి వేరుపడింది. గ్రామం కోడ్ మీద కట్టిన డేటాబేస్‌లో ఆ రోజు మారేవి జిల్లాల పట్టికలో ఒక వరుస, మండలాల పట్టికలో పది పన్నెండు.